కాళ్లు ముందుగా తెచ్చే కబురు

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులను మీలో చాలామంది చూసే ఉంటారు. తలుపులు ఎత్తితేనే కాలువలోకి నీరు. అవి బిగుసుకుపోతే గోదావరి నిండుగా పారుతున్నా శివారు చేలకు నీరందదు.

మన నరాల చివర కూడా ఇలాంటి తలుపులున్నాయి. మెదడు పంపిన ఆజ్ఞ విద్యుత్తు రూపంలో అక్కడికి రాగానే అవి తెరుచుకుంటాయి, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. అప్పుడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరాన్ని కదిలిస్తుంది.

ఇక ఒక వింత జబ్బు సంగతి వినండి. రోగికి తొడల్లో సత్తువ తగ్గుతుంది. కుర్చీలోంచి లేవలేడు, మెట్లెక్కలేడు, నోరు ఎండిపోతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనో, వాతమనో అనుకుంటారు. కాని ఇటువంటి బలహీనతకూ కాన్సరుకూ సంబంధమున్నదని అమెరికాలోని మేయో క్లినిక్‌లో లాంబర్ట్, ఈటన్, రూక్ అనే శాస్త్రజ్ఞులు 1956లో వెల్లడించారు. జబ్బుకు లాంబర్ట్-ఈటన్ అన్న పేరు నిలిచింది. పాపం, రూక్ పేరు జారిపోయింది!

ఈ రోగులలో సుమారు సగంమందికి ఊపిరితిత్తులలో 'స్మాల్ సెల్' రకం కాన్సరు ఉంటుంది. అది కాళ్లకు పాకలేదు. మరి కాళ్లెందుకు బలహీనపడ్డాయి? ఆ కాన్సరు కణాల మీద కూడా అవే కాల్షియం తలుపులున్నాయి. శరీరం కాన్సరుపై దాడికి తయారుచేసిన ప్రతిరక్షకాలు పోలిక చూసి నరాల తలుపులనూ దెబ్బతీస్తాయి. రోగుల ప్రతిరక్షకాలను ఎలుకలకు ఎక్కిస్తే వాటి నరాలలోనూ అదే లోపం కనబడిందని 1981లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు చూపారు.

దీన్ని పట్టుకోవడంలో ఒక తమాషా ఉంది. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే రోగి కాలు కదలదు. పదిపదిహేను సెకన్లు తొడ కండరాన్ని గట్టిగా బిగించమని, మళ్లీ తడితే కదులుతుంది! వెంటవెంటనే ఆజ్ఞలు రావడంతో కాల్షియం కొద్దికొద్దిగా పోగుపడుతుందన్న మాట. దీనినే విద్యుత్ పరీక్షతో కొలుస్తారు, రక్తంలో ప్రతిరక్షకాలను వెదుకుతారు, ఛాతీకి సి.టి. స్కాన్ తీస్తారు.

స్మాల్ సెల్ కాన్సరు దాదాపు ఎప్పుడూ పొగతాగేవారికే వస్తుంది. మన గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపడ్డదే కదా! కాళ్ల బలహీనతకు కారణాలు వంద ఉంటాయి, అందులో కాన్సరు అరుదు, భయపడనక్కరలేదు. కాని తాతగారు ఎన్నేళ్లు చుట్ట కాల్చారో వైద్యునికి దాచకుండా చెప్పండి.

అమిఫాంప్రిడిన్ అనే మందు తలుపులను మరికొంతసేపు తెరిచి ఉంచి సత్తువ పెంచుతుంది. కాన్సరుకు చికిత్స చేసి కంతి తగ్గిస్తే చాలామందికి కాళ్లూ కుదుటపడతాయి. మొదటి స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా వైద్యులు ఊరుకోరు. కొన్ని నెలలకొకసారి చొప్పున రెండేళ్లపాటు మళ్లీ తీస్తారు. కంతి కంటికి కనబడక ముందే కాళ్లు కబురు తెచ్చి ఉండవచ్చు.