పిట్టలతో పాటే పేర్లూ

బ్రిటన్ పల్లెలు పక్షులకు పెట్టుకున్న పేర్లు నిఘంటువుల్లో భద్రంగానే ఉన్నాయి. పొలాల్లోనే పిట్టలు కరవవుతున్నాయి

ఇంగ్లండ్ పొలాల మీద వసంతకాలంలో పల్టీలు కొడుతూ అరిచే పక్షి ఒకటుంది. పక్షిశాస్త్రం దాన్ని ల్యాప్‌వింగ్ అంటుంది. మన తీతువుకు దగ్గరి చుట్టం. దాని కూత అక్కడి రైతు చెవికి 'పీవిట్' అని వినిపించింది. అదే పేరైపోయింది. స్కాట్లండ్‌కు వెళితే అదే పక్షి 'పీసీ'. కూతను బట్టి పేరు పెట్టడంలో వాళ్లకూ మనకూ తేడా లేదు.

ఈ పేర్లు పెట్టినవాళ్లు శాస్త్రవేత్తలు కారు. రైతులు, కాపరులు, జాలరులు. నవ్వినట్టు కూసే ఆకుపచ్చ వడ్రంగి పిట్టను 'యాఫిల్' అన్నారు. అది అరిస్తే వాన వస్తుందని నమ్మినచోట 'వానపిట్ట' అన్నారు. గాలివానలోనూ చెట్టు చిటారున పాడే మిసిల్ థ్రష్ వారికి 'తుపాను పుంజు'. గుడ్ల మీద సిరా గీతల్లాంటి మరకలున్నందుకు యెల్లోహామర్ 'రాత పంతులు' అయింది. కొంగను నార్‌ఫోక్‌లో 'హార్న్‌సర్' అంటే, పక్కనే ఉన్న సఫోక్‌లో 'ఫ్రాంక్' అన్నారు. 15వ శతాబ్దం దాకా నార్వే, డెన్మార్క్ రాజుల ఏలుబడిలో ఉన్న షెట్లాండ్ దీవుల్లో గ్రేట్ స్కువా అనే సముద్రపక్షిని ఇప్పటికీ 'బాంక్సీ' అనే పిలుస్తారు.

అయితే ఈ వైవిధ్యంతో చిక్కూ ఉంది. 'బ్లాక్‌క్యాప్' అంటే ఒక ఊళ్లో ఒక పిట్ట, మరో ఊళ్లో మరొకటి. నల్లతల ఉంటే చాలు, ఆ పేరు తగిలించేవారు. లెక్క తేలాలంటే ఒక పక్షికి ఒకే పేరుండాలి. 1858లో ఏర్పడిన బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం 1883లో ఆ దేశ పక్షుల జాబితా వెలువరించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చార్లెస్ స్వైన్సన్ ఊరూరి పేర్లను పోగుచేసి 1885లో పుస్తకం తెచ్చారు. 1913లో కిర్క్ స్వాన్ ఏకంగా నిఘంటువే కూర్చారు.

ప్రతిసారీ జాబితాదే పైచేయి కాలేదు. 'రాబిన్' ఒకప్పుడు ముద్దుపేరే. పుస్తకాల్లో ఆ పిట్ట 'రెడ్‌బ్రెస్ట్'. చివరికి జనం పేరే నిలిచింది. 'మ్యాగ్‌పై'లోని మ్యాగ్ కూడా మార్గరెట్ అనే ఆడపిల్ల పేరుకు పొట్టి రూపమే.

కానీ ఇప్పుడు ముప్పు జాబితాల నుంచి కాదు. 2021లో బ్రిటన్ పక్షులు 245 రకాలను మదింపు చేస్తే 70 'రెడ్ లిస్ట్'లో తేలాయి. యెల్లోహామర్ 2002 నుంచి, ల్యాప్‌వింగ్ 2009 నుంచి అందులోనే ఉన్నాయి. వసంతంలో వేసే పంటలు శరత్తుకు మారాయి. ల్యాప్‌వింగ్ గూడు పెట్టే వేళకు పైరు ఏపుగా పెరిగిపోతోంది. చిత్తడి నేలలు ఆరిపోయాయి. బర్డ్ ఫ్లూ దెబ్బ తిన్న బాంక్సీ సైతం 2024లో అదే జాబితాకెక్కింది.

ఊరి పేరు పోతే పోయిందేమిటి? దీనికి జవాబు కడప జిల్లాలో దొరుకుతుంది. నెల్లూరులో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు జెర్డాన్ తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో తెలుగు పేర్లనూ నమోదు చేశారు. ఆయన పేరు పెట్టిన జెర్డాన్స్ కోర్సర్ 1900 తర్వాత కనిపించకుండా పోయింది. శాస్త్రం దాదాపు ఆశ వదులుకుంది. 1986లో స్థానిక వేటగాడొకరు దాన్ని పట్టి తెచ్చారు. ఆ ప్రాంతం వారికి అది కలివికోడి. పేరు బతికి ఉన్నచోట పిట్ట జాడ తెలిసినవాడూ ఉంటాడు.

బ్రిటన్‌లో పరిస్థితి తిరగబడుతోంది. పేరు పుస్తకంలో ఉంది, పక్షే తగ్గిపోతోంది. కూత వినని పిల్లాడికి 'పీవిట్' అని ఎందుకన్నారో ఏ నిఘంటువు చెబుతుంది?