హెచ్‌ఐవీ: ఒంట్లో కాపలా ఉన్నా ఈ వైరస్ ఎలా తప్పించుకుంటోంది? ఆ 4 ప్రోటీన్ల కథ ఇదీ!

జలుబు చేస్తే వారంలో తగ్గిపోతుంది. మన ఇమ్యూనిటీ ఆ వైరస్‌ను తరిమేస్తుంది. మరి హెచ్‌ఐవీని ఎందుకు తరమలేకపోతోంది? జగిత్యాల జిల్లా మల్లాపూర్, కోరుట్ల వైపు గల్ఫ్ వెళ్లేవాళ్లకు వీసా మెడికల్‌లో ఈ టెస్ట్ మామూలే. కానీ వైరస్ లోపల ఏం చేస్తుందో చాలామందికి తెలియదు.

మొదటి కాపలా ఏంటి?

ఇది పుట్టుకతోనే వచ్చే రక్షణ. కణంలోకి వైరస్ వస్తే అలారం మోగుతుంది. ఇంటర్‌ఫెరాన్ అనే సిగ్నల్‌తో పక్క కణాలూ అలర్ట్ అవుతాయి. హెచ్‌ఐవీ దీన్ని ఇలా దాటుతుంది.

క్యాప్సిడ్: వైరస్ జన్యుపదార్థాన్ని దాచే ప్రోటీన్ పెట్టె ఇది. వైరస్ డీఎన్‌ఏ దీని చాటునే తయారవడంతో అలారానికి సులువుగా దొరకదు.

విఫ్: మన అపోబెక్3జీ ప్రోటీన్ వైరస్ జన్యువుల్లో తప్పులు పెట్టి పాడుచేస్తుంది. విఫ్ దానికి 'చెత్త' అని ముద్ర వేస్తుంది. దాంతో మన కణమే దాన్ని ముక్కలు చేసేస్తుంది.

వీపీయూ: కొత్తగా పుట్టిన వైరస్‌లను మన టెథరిన్ కణం పైపొరకే కట్టేస్తుంది. వీపీయూ ఆ టెథరిన్‌ను అక్కడి నుంచి తప్పిస్తుంది. ఈ సంగతి 2008లో బయటపడింది.

నెఫ్: సెరింక్5 అనే మన ప్రోటీన్ కొత్త వైరస్‌లో చేరితే దాని సోకే శక్తి తగ్గుతుంది. అది చేరకుండా నెఫ్ అడ్డుపడుతుంది.

హైదరాబాద్ కంపెనీల మందు

ఇప్పుడు ఆ క్యాప్సిడ్‌పైనే దెబ్బకొట్టే మందు వచ్చింది. పేరు లెనకపవిర్. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్. అమెరికా దీన్ని 2022లో చికిత్సకు, 2025 జూన్‌లో హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తకు ఆమోదించింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీల జనరిక్ మందు 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందేలా 2025 సెప్టెంబర్‌లో ఒప్పందాలు ప్రకటించారు. అయితే ఇది వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు కాదు.

మీరు ఏం చేయాలి?

హెచ్‌ఐవీ సోకినా ఏళ్ల తరబడి ఏ లక్షణం కనిపించకపోవచ్చు. 'నేను బాగానే ఉన్నా కదా' అనుకుంటే సరిపోదు, టెస్ట్ ఒక్కటే దారి. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో టెస్ట్ ఫ్రీ, వివరాలు గోప్యం. ఏఆర్‌టీ మందులు కూడా 2004 నుంచి ప్రభుత్వం ఫ్రీగానే ఇస్తోంది. రోజూ వాడి, వైరస్ రక్తంలో లెక్కకు అందనంత తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా మరొకరికి సోకదు. అనుమానం ఉంటే భయపడొద్దు, 1097కి కాల్ చేయండి.