విద్యా కళాశాలలో ఒక వారం

ఏడాదిలో కొన్ని వారాలపాటు పాఠశాలకు కొత్త ముఖాలు వస్తాయి. ఉదయం ప్రార్థన వేళ వారు ఉపాధ్యాయుల వరుస చివరన నిలబడతారు. చేతిలో లావుపాటి నోటుపుస్తకం, చుట్టిన చార్టు ఉంటాయి. పాఠం మొదలుపెట్టిన రోజున సుద్దముక్క ఒకటి రెండుసార్లు విరుగుతుంది. తరగతి వెనుక బల్లమీద ఒక పెద్దాయన కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంటారు. పిల్లలు ఈ కొత్తవారిని ‘ట్రైనింగు సార్లు’, ‘ట్రైనింగు మిస్సులు’ అంటారు. పుస్తకాలలో వీరికి ఛాత్రోపాధ్యాయులని పేరు. ఛాత్రుడు అంటే విద్యార్థి. పేరులోనే ఉన్నట్టు, వీరు సగం విద్యార్థులు, సగం ఉపాధ్యాయులు.

వీరు ఎక్కడినుంచి వస్తారు? వెనుక బల్లమీది పెద్దాయన ఏమి రాసుకుంటారు? నిడుగల్లు వంటి ఊరి పిల్లలకు ఈ సంగతులతో పని ఉన్నది. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్నా, తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. ఇక్కడ ఇంట్లో తెలుగు, కార్యాలయంలో కన్నడం, సంతలో రెండూ వినిపిస్తాయి. ఇటువంటి చోట తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేస్తే, ఆ స్థానంలోకి వచ్చేవారు ఎక్కడో ఒక విద్యా కళాశాలలో అప్పటికే తయారై ఉండాలి.

దక్షిణ భారతదేశంలో అటువంటి పెద్ద సంస్థ ఒకటి మైసూరులో ఉన్నది. 1961లో ఏర్పడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. అనే జాతీయ సంస్థ, 1963లో దేశంలో నాలుగు చోట్ల ప్రాంతీయ విద్యా కళాశాలలను నెలకొల్పింది. అవి అజ్మీరు, భోపాలు, భువనేశ్వరం, మైసూరు. మైసూరు కళాశాల దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ ఉద్దేశించినది. మైసూరు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. ఇప్పుడు దానిని ప్రాంతీయ విద్యా సంస్థ అంటున్నారు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కేరళ విద్యార్థులు అక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు. విజ్ఞానశాస్త్ర పట్టాను, ఉపాధ్యాయ శిక్షణను కలిపి నాలుగేళ్లలో నేర్పే పద్ధతిని ఈ కళాశాలల్లో ప్రవేశపెట్టారు. శిక్షణ లేకుండానే ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులకు ఒకప్పుడు వేసవి సెలవుల్లో తరగతులు నడిపి, మిగతా కాలంలో తపాలా ద్వారా పాఠాలు పంపేవారు.

ఆవరణలోనే ఒక పాఠశాల కూడా ఉన్నది. వైద్య కళాశాలకు ఆసుపత్రి ఎలాగో, విద్యా కళాశాలకు పాఠశాల అలాగ. ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ అనే తత్త్వవేత్త 1896లోనే ఒక పాఠశాలను తెరిచాడు. దానికి ప్రయోగశాల పాఠశాల అని పేరు వచ్చింది. అక్కడ పరీక్షకు నిలిచినవి బోధన పద్ధతులు, పిల్లలు కారు.

విద్యా కళాశాలలో ఏమి జరుగుతుందో తెలియాలంటే నోటీసు బోర్డు చూడాలి. వారం వారం మారే కాగితాలు దాని నిండా ఉంటాయి. జరిగినవి ఒకవైపు, జరగబోయేవి ఒకవైపు. గత వారం బోధనోపకరణాల ప్రదర్శన జరిగిందని, అగ్గిపెట్టెలతో చేసిన స్థానవిలువల పట్టికకు బహుమతి వచ్చిందని ఒక కాగితం చెబుతుంది. గ్రంథాలయానికి తిరిగి ఇవ్వవలసిన పుస్తకాల జాబితా మరొకటి. వచ్చే సోమవారం సూక్ష్మ బోధన, బుధవారం విమర్శ పాఠం, శుక్రవారం సెమినారు అని మూడో కాగితం. బయటివారికి ఈ మాటలు తెలియవు. అసలు కథ అంతా ఈ మూడో కాగితంలోనే ఉన్నది.

సూక్ష్మ బోధన అంటే చిన్న పాఠం. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యా విభాగంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని రూపొందించారు. కొత్త ఉపాధ్యాయుడిని ఒకేసారి నలభైమంది పిల్లల ముందు నిలబెడితే, ఎన్నో పనులు ఒక్కసారిగా మీద పడతాయి. ప్రశ్న అడగాలి, నల్లబల్లమీద రాయాలి, అల్లరి ఆపాలి, గడియారం చూడాలి. ఇన్నిటి మధ్య ఏది తప్పిందో అతనికే తెలియదు. అందుకని ఐదారుగురికి, ఐదారు నిమిషాలు, ఒకే ఒక నైపుణ్యంతో పాఠం చెప్పిస్తారు. ఈనాటి పాఠంలో ప్రశ్నలు అడగడం ఒక్కటే చూస్తారు. రేపు నల్లబల్లమీది రాత ఒక్కటే. ఈత నేర్చేవాడిని ముందు నడుములోతు నీటిలో దించినట్టే ఇది.

మన దేశంలో ఈ పద్ధతిని అనుసరించినప్పుడు ఒక వలయానికి 36 నిమిషాలు నిర్ణయించారు. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు తోటివారి అభిప్రాయాలు. తరువాత పన్నెండు నిమిషాలు పాఠాన్ని మళ్లీ సిద్ధం చేసుకోవడానికి. ఆపైన ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, చివరి ఆరు నిమిషాలు మళ్లీ అభిప్రాయాలు. పాఠం చెప్పడానికి ఇచ్చినదానికి రెట్టింపు కాలం దానిని సరిదిద్దుకోవడానికి ఇచ్చారన్నది గమనించాలి. చాలా కళాశాలల్లో పిల్లలు దొరకరు కనుక తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లలుగా కూర్చుంటారు. ఇరవై రెండేళ్లవారు ఐదో తరగతి పిల్లల్లా చేతులెత్తి “నేను చెప్తా సార్” అనడం చూస్తే నవ్వు వస్తుంది. కాని పాఠం చెప్పేవారికి ఆ సమయంలో నవ్వు రాదు.

పాఠం చెప్పే ముందు పాఠ్యపథకం రాయాలి. లావుపాటి నోటుపుస్తకంలో ఉండేది అదే. జర్మనీకి చెందిన హెర్బార్టు (1776–1841) ఆలోచనల ఆధారంగా ఆయన శిష్యులు స్థిరపరచిన ఐదు సోపానాలు ఇప్పటికీ ఎన్నో పాఠ్యపథకాలలో కనిపిస్తాయి. పిల్లలకు తెలిసినదానితో మొదలుపెట్టి, కొత్త విషయం చూపి, రెండింటిని పోల్చి, సూత్రం రాబట్టి, దానిని మరొకచోట ఉపయోగించడం వాటి సారం. అయితే సోపానాలు బట్టీపట్టినంత మాత్రాన పథకం నిలవదు. భాగహారం నేర్పడానికి ఆపిల్ పండ్లు పంచే లెక్క ఒకరు రాసుకు వస్తారు. నిడుగల్లు ప్రాంతపు పిల్లలకు శెనక్కాయలు చేతిలో ఉన్న సరుకు. ఒక మూటనుంచి ఎన్ని శేర్ల గింజలు వస్తాయో, కూలికి పోను ఎంత మిగులుతుందో వారు ఇంట్లో వింటూనే ఉంటారు. ఆ మాట పట్టుకున్న పథకానికి మొదటి సోపానం కష్టం కాదు.

ఇక విమర్శ పాఠం. దీని పేరు చెబితేనే ఛాత్రోపాధ్యాయులకు ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. నిజమైన తరగతిలో ఒకరు పూర్తి పాఠం చెబుతారు. అధ్యాపకులు, తోటివారు వెనుక కూర్చుని రాసుకుంటారు. పిల్లలు వెళ్లిపోయాక ఒక్కొక్కరు లేచి చెప్పవలసినది చెబుతారు. నల్లబల్లకు అడ్డంగా నిలబడ్డారు. ముందు బల్లలవారినే పదేపదే అడిగారు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి పాఠం మొత్తంలో ఒక్క మాట మాట్లాడలేదు, ఆమెను ఎవరూ పలకరించలేదు. “అర్థమైందా?” అని ఏడుసార్లు అడిగారు, ఏడుసార్లూ “అర్థమైంది సార్” అన్న జవాబే వచ్చింది. ఆ జవాబువల్ల ఏమి తెలిసింది? ఏమీ తెలియలేదు. ఏ తరగతిలో అడిగినా వచ్చే జవాబు అదే. అర్థమైందో లేదో తెలియాలంటే పిల్లవాడిచేత ఏదైనా చేయించాలి, లేదా చెప్పించాలి. వెనుక బల్లమీది పెద్దాయన రాసుకునేవి ఇటువంటివే. ఆయన పిల్లల తప్పులు లెక్కపెడుతున్నారని చాలామంది అనుకుంటారు. ఆయన కన్ను పాఠం చెప్పేవారిమీదనే ఉంటుంది.

ఇంత విమర్శ అవసరమా అని అనిపించవచ్చు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారు కూడా ఈ దారిలోనే నడిచారు. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగంలో చేరిన తరువాత 1910లో సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణ పొందారు. 1856లో నార్మల్ స్కూలుగా మొదలైన ప్రాచీన సంస్థ అది. అక్కడ ఆయన తోటివారికి మనస్తత్వశాస్త్రంపై ఉపన్యాసాలు చెప్పారు. ఆ ఉపన్యాసాలు 1912లో చిన్న పుస్తకంగా వచ్చాయి. 1918లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, 1921లో కలకత్తాకు వెళ్లేటప్పుడు విద్యార్థులే ఆయన బండిని రైలు స్టేషను దాకా లాగారు. 1962 నుంచి ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. విద్యా కళాశాలల నోటీసు బోర్డుమీద ఏటా తప్పకుండా కనిపించే తేదీలలో అది ఒకటి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జన్మదినం, తెలుగు భాషా దినోత్సవం. నవంబరు 1 కర్ణాటక రాజ్యోత్సవం. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. నిడుగల్లు పిల్లలకు ఈ తేదీలలో ఏదీ పరాయిది కాదు.

శుక్రవారపు సెమినారులో చర్యా పరిశోధన అనే మాట వినిపిస్తుంది. పేరు పెద్దదే కాని పని చిన్నది. ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఒక చిక్కును తీసుకుని, దాని కారణం వెతికి, ఒక ఉపాయం చేసి, ఫలితం రాసిపెడతాడు. సరిహద్దు ప్రాంతంలో ఇటువంటి చిక్కులకు కొదవ లేదు. ఒక పిల్లవాడు తెలుగు అక్షరాలకు తలకట్టు అడ్డగీతలాగా సాగదీసి రాస్తున్నాడనుకోండి. కన్నడ తలకట్టు అలాగే అడ్డంగా సాగి చివర వంగుతుంది; తెలుగు తలకట్టు పైకి లేస్తుంది. ఆ పిల్లవాడికి అక్షరం రాక తప్పు రాయలేదు. రెండు లిపులూ వచ్చినందువల్ల ఒకదాని అలవాటు రెండోదానిలోకి వచ్చింది. ఎర్ర సిరాతో కొట్టివేస్తే అతనికి మిగిలేది చిన్నతనం. రెండు అక్షరాలను పక్కపక్కన రాసి చూపిస్తే ఒక గంటలో సరిపోతుంది.

మాటల సంగతీ అంతే. తెలుగులో తిండి అంటే తినేదంతా. కన్నడంలో పొద్దుటి ఫలహారం. అందుకే “తిండి అయింది, భోజనం కాలేదు” అని ఈ ప్రాంతపు పిల్లవాడు అంటే దూరంనుంచి వచ్చిన తెలుగువారు తికమకపడతారు. తెలుగులో అవసరం అంటే కావలసి ఉండటం. కన్నడంలో అవసర అంటే తొందర. అంతెందుకు, ఊరి పేరే చూడవచ్చు. నిడు అంటే పొడవైన అని రెండు భాషలవారికీ అర్థమవుతుంది. కల్లు అన్న మాట వినగానే కోస్తా తెలుగువారికి ఈతచెట్టు గుర్తుకు వస్తుంది. కన్నడంలో కల్లు అంటే రాయి. పన్నెండు, పదమూడో శతాబ్దాలలో చోళులమని చెప్పుకున్న ఒక రాజవంశం పాలించిన దుర్గం ఈ నిడుపాటి రాతికొండమీదనే ఉన్నది. అంతకు ముందు వారి రాజధాని హెంజేరు, అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లోని హేమావతి. ఈ సంగతి తెలిసిన ఛాత్రోపాధ్యాయుడు సాంఘికశాస్త్ర పాఠానికి చార్టు గీయడు. పిల్లలను కొండ దగ్గరకే తీసుకుపోతాడు.

ఇటువంటి ఉపాధ్యాయుడు రెండు భాషలూ, రెండు లిపులూ తెలిసినవాడై ఉండాలి. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతుంది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. అధికరణం బడిని ఇవ్వగలదు, బల్లలు ఇవ్వగలదు. చెప్పేవారిని తయారుచేయడం విద్యా కళాశాల పని. తెలుగు రాని ఉపాధ్యాయులకు తెలుగు నేర్పే ఏర్పాటు కూడా మైసూరులోనే ఉన్నది. 1969లో స్థాపించిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థకు చెందిన దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రంలో ఉపాధ్యాయులు పది నెలలపాటు మరొక దక్షిణాది భాషను నేర్చుకుంటారు. పది నెలల్లో భాష వస్తుంది. “తిండి అయింది” అన్న మాటలోని కిటుకు తెలియడానికి మాత్రం ఆ ఊళ్లో పెరిగి ఉండాలి.

2014 నాటి నిబంధనల ప్రకారం బి.ఇడి. ఒక ఏడాదినుంచి రెండేళ్లకు పెరిగింది. రెండో ఏడాదిలో పదహారు వారాలు పాఠశాలల్లోనే గడపాలి. ఆ వారాలు దగ్గర పడ్డప్పుడు నోటీసు బోర్డుమీదికి ఒక పొడవాటి పట్టిక వస్తుంది. ఎడమవైపు పాఠశాలల పేర్లు, కుడివైపు అక్కడికి వెళ్లవలసిన ఛాత్రోపాధ్యాయుల పేర్లు ఉంటాయి. అందరూ గుంపుగా చేరి తమ పేరు వెతుక్కుంటారు. తెలుగు మాధ్యమపు బడి పేరు పట్టికలో ఉన్న ఏడాది, దాని ఎదుట రాయడానికి రెండు లిపులూ వచ్చినవారు తరగతిలో ఎవరున్నారని అధ్యాపకుడు ముందుగా అడుగుతారు.