తులసీదాస్ బలరాం

ఫుట్‌బాలు ఆటను పక్షమునకు 11 మంది చొప్పున ఆడుదురు. వారిలో ముందువరుస ఆటగాండ్రు ఎదుటివారి గోలులోనికి బంతిని పంపవలయును. బంతి గోలు చేరినచో జనుల జయజయధ్వానములు వారివే. గురి తప్పినచో నిందయు వారిదే. అట్టి స్థానమున నిలిచి దేశమునకు కీర్తి తెచ్చిన తెలంగాణ బిడ్డ తులసీదాస్ బలరాం.

ఆయన 1936లో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో ఒక పేద కుటుంబమున జన్మించెను. ఆ ఊరి మైదానములలో ఆడుచుండగా సయ్యద్ అబ్దుల్ రహీం దృష్టి ఆయనపై పడెను. రహీం పూర్వము బడిపంతులు. తరువాత హైదరాబాదు పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడు. నిత్యము నగరమునకు వచ్చిపోవుటకు తనకు డబ్బు లేదని బాలుడు చెప్పగా, రహీం సైకిలు అద్దెకు డబ్బిచ్చి పిలిపించుకొనెను. ఆ చిన్న సాయమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో బలరాం ఒకడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేండ్లు మాత్రమే. మరుసటి ఏడు ఆయన కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడసాగెను. 1947లో దేశవిభజన వలన ఇల్లూవాకిలీ విడిచి వచ్చిన తూర్పు బెంగాలువారికి ఆ జట్టు విజయమే ఊరట. తెలంగాణనుండి వచ్చిన యువకుని వారు తమవానిగా చేసికొనిరి. 1961లో ఆయన నాయకత్వమున ఆ జట్టు కలకత్తా లీగును గెలిచినది.

1960లో రోము ఒలింపిక్సునందు బలవంతమైన హంగేరీ జట్టు 2-1 తేడాతో మాత్రమే భారతమును ఓడింపగలిగినది. మనవారి ఆ ఒక్క గోలు బలరాందే. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను ఈ మువ్వురిని జనులు భారత ఫుట్‌బాలు త్రిమూర్తులని పిలిచిరి.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మనవారు మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో ఓడిరి. అయినను కుంగిపోలేదు. జపానుపై జరిగిన పోటీలో బలరాం ఒక గోలు చేసెను. తుదిపోటీలో ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచున్నను, అదే కొరియాను 2-1 తేడాతో గెలిచి స్వర్ణపతకము సాధించిరి. ఆ యేటనే ఆయనకు అర్జున పురస్కారము లభించెను.

కాని విధి చల్లగా చూడలేదు. ఊపిరితిత్తుల వ్యాధి సోకి, 1963లో, ఇరువదియేడేండ్ల ప్రాయముననే ఆయన ఆట విరమింపవలసివచ్చెను. మైదానమున గడిపినది కొన్ని యేండ్లే అయినను జనులు ఆయనను మరువలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో ఆయన కన్నుమూయగా క్రీడాభిమానులు శోకించిరి.

పెద్దపల్లి వంటి ఊళ్ల బడి మైదానములందును చురుకైన కాళ్లు గల పిల్లలు నేడును ఆడుచున్నారు. ప్రతిభకు పేదరికము అడ్డు కావచ్చును. కాని దానిని గుర్తించు గురువును, పట్టు విడువని సాధనయు తోడైనచో ఆ అడ్డు తొలగునని బలరాం జీవితము తెలుపుచున్నది.