అరణ్య సంఘపు దారులలో సైకిలు ప్రయాణము



మన పల్లె సంఘాలకు సైకిలు పాత నేస్తమే. హ్యాండిలుకు సంచి తగిలించి, అందులో బైబిలు, పాటల పుస్తకము పెట్టుకొని ఊరూరా తిరిగిన దైవసేవకులను ఎరుగని సంఘము మన జిల్లాలలో అరుదు. అయితే ఈ నెల మేము చెప్పబోయే సైకిలు దారి మన దేశములోనిది కాదు. అది ఫ్రాన్సు దేశపు దక్షిణ కొసన, మధ్యధరా సముద్రానికి దగ్గరగా ఉన్నది. మన బైబిలులో మహాసముద్రము అని పిలువబడినది ఈ సముద్రమే. చదువులకో ఉద్యోగాలకో ఐరోపా వెళ్ళిన బిడ్డలు నేడు ఎన్నో కుటుంబాలలో ఉన్నారు. సెలవులు రాగానే పారిస్ వెళ్ళి, ఈఫిల్ టవరు ముందు నిలబడి ఫోటోలు పంపుతారు. మంచిదే. ఇంకా రెండు రోజులు మిగిలితే ఈ దారిన వెళ్ళమని వారికి చెప్పండి. వెళ్ళలేని మనము అరుగు మీద కూర్చుండియే వెళ్ళి వద్దాము.

ప్రయాణము నీమ్ పట్టణములో మొదలవుతుంది. అక్కడ రోమీయులు కట్టిన పెద్ద క్రీడాస్థలము ఈనాటికీ నిలిచి ఉన్నది. ఊరు దాటి పడమరగా సుమారు 10 కిలోమీటర్లు వెళితే కవేరాక్ అనే గ్రామము. అక్కడ నుండి సొమ్మియేర్ వరకు దాదాపు 20 కిలోమీటర్లు మోటారు బండి అన్నది కనబడదు. ఒకప్పుడు అది రైలు కట్ట. రైళ్ళు ఆగిపోయిన తరువాత పట్టాలు తీసివేసి, నడిచేవారికి, సైకిళ్ళవారికి దారి వేశారు. రైలు కట్ట గనుక పెద్ద ఎత్తుపల్లాలు లేవు, చిన్న పిల్లలు కూడా తొక్కగలరు. రెండు ప్రక్కల ద్రాక్షతోటలు, ఒలీవ చెట్లు, వాటి మీదుగా సున్నపురాతి గుట్టలు. ఎండ ఎక్కేకొద్దీ గుట్టల మీది పొదల నుండి మంచి వాసన వస్తుంది. ఒలీవలను గూర్చి, ద్రాక్షావల్లిని గూర్చి లేఖనములలో చదివియే గాని కంటితో చూడనివారికి ఈ ఒక్క దృశ్యము చాలు.

ఈ లోయ పేరు వొనాజ్. ప్రొటెస్టెంటులు దీనిని 'చిన్న కనాను' అని పిలుచుకొనేవారు. ఊరూరా వారి మందిరములు ఉండేవి, గ్రామాలకు గ్రామాలే వాక్యమును అంగీకరించినవి. 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంత్ శాసనము ద్వారా వారికి ఆరాధించుకొనే హక్కు ఇచ్చాడు. 1685 అక్టోబరులో అతని మనుమడు పదునాల్గవ లూయీ దానిని రద్దు చేశాడు. మందిరములు పడగొట్టించాడు. పాస్టర్లు 15 రోజులలో దేశము విడిచి పోవాలి, విశ్వాసులు మాత్రము విడిచి పోరాదు! పారిపోతూ పట్టుబడిన పురుషులను ఓడలలో తెడ్లు వేయుటకు గొలుసులతో కట్టివేశారు, స్త్రీలను చెరసాలలకు పంపారు. అయినప్పటికీ దాదాపు 2 లక్షలమంది సరిహద్దులు దాటి వెళ్ళారని చరిత్రకారుల అంచనా.

మిగిలినవారు రాత్రివేళ లోయలలో, గుహలలో, రాతి గనులలో కూడుకొన్నారు. ఇశ్రాయేలీయుల సంచారమును తలచుకొని ఆ కాలానికి 'అరణ్యము' అని పేరు పెట్టుకొన్నారు. ఇంత అందమైన ద్రాక్షతోటల నడుమ అరణ్యమా అని ఆశ్చర్యము కలుగుతుంది గాని, మందిరము లేని ప్రజలకు ఆ పేరే తగినది. ఉత్తరాన సెవేన్ కొండలలో, మియాలే గ్రామము దగ్గర, వారి జ్ఞాపకార్థమైన మ్యూజియము ఒకటి ఉన్నది. స్త్రీలు కొప్పులో దాచుకొనిన బుల్లి కీర్తనల పుస్తకాలు, మడిచితే పీపావలె కనబడే ప్రసంగవేదిక అక్కడ చూడవచ్చు. సిపాయిలు వస్తే అది పీపా, వారు వెళ్ళిపోతే ప్రసంగవేదిక. సెప్టెంబరు మొదటి ఆదివారము నాడు ప్రతి ఏటా వేలమంది అక్కడ చెట్ల క్రింద ఆరాధనకు కూడుకొంటారు. మన దారికి అది కొంత దూరము, గనుక మరల సైకిలు ఎక్కుదాము.

దారి ప్రక్కన కొంజెనీ గ్రామము వస్తుంది. ఇక్కడ తప్పక ఆగాలి. 1702లో సెవేన్ కొండల ప్రొటెస్టెంటులు ఓర్పు నశించి కత్తి పట్టారు. వారినే కమిసార్లు అంటారు. రెండేళ్ళ యుద్ధములో రెండు ప్రక్కలా ఘోరములు జరిగినవి. వారు పడిన బాధ ఎంతదైనా, గుడులు కాల్చుట, గురువులను చంపుట మేము సమర్థించలేము. అదే కాలములో కొందరు విశ్వాసులు మాత్రము ఆయుధము పట్టము అన్నారు. ఇటు రాజుకు, అటు స్వజనులకు లోకువై, కొంజెనీ చుట్టుప్రక్కల మౌనముగా కూడుకొనుచు ఎనభై ఏళ్ళు గడిపారు. తమవంటివారు లోకములో మరెక్కడైనా ఉన్నారని వారికి తెలియదు.

ఎలా తెలిసినదో వినండి. ఇంగ్లండులో ఫాక్స్ అనే వైద్యుడు ఉండేవాడు, క్వేకరు విశ్వాసి. కొన్ని ఓడలలో ఆయనకు వాటా ఉండేది. ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినప్పుడు తోటి భాగస్తులు ఆయన వద్దన్నా వినక ఓడలకు ఫిరంగులు బిగించి, ఫ్రెంచి వర్తకుల ఓడలను కొల్లగొట్టారు. తన వాటాకు వచ్చిన సొమ్మును ఆ వైద్యుడు ముట్టుకోలేదు. యుద్ధము ముగిసిన తరువాత, సొత్తు పోగొట్టుకొన్నవారు వచ్చి తీసుకొనవచ్చునని 1785లో కుమారుని ద్వారా పారిస్ పత్రికలో ప్రకటన వేయించాడు. శత్రుదేశపువాడు కొల్లసొమ్ము తిరిగి ఇచ్చుటయా! ఆ ప్రకటన సంగతి కొంజెనీ వరకు వచ్చింది. వీరెవరో మనవంటివారే అని అక్కడివారు ఉత్తరము వ్రాశారు. అలా ఇరువురికి పరిచయము కలిగింది. 1822లో వారు కట్టుకొనిన కూటపు ఇల్లు నేటికీ ఆ ఊరిలో ఉన్నది. సువార్త కరపత్రము చేయలేని పనిని, తిరిగి ఇచ్చిన సొమ్మును గూర్చిన నాలుగు వరుసల ప్రకటన చేసింది.

సొమ్మియేర్‌లో విదూర్ల్ నది మీద రోమా వంతెన ఉన్నది. తిబెరి కైసరు కాలములో కట్టినది. లూకా సువార్త మూడవ అధ్యాయములో మనము చదివే ఆ కైసరే. కొన్ని కమానులు ఊరి ఇళ్ళ క్రింద కలిసిపోయాయి, మిగిలినవాటి మీద ఇప్పటికీ రాకపోకలు సాగుచున్నవి. వేసవిలో బక్కగా పారే ఈ నది వర్షాలకు ఒక్కసారిగా పొంగుతుంది. 2002 సెప్టెంబరులో ఊరిని ముంచివేసింది. రాత్రి బసకు ఈ ఊరు అనుకూలము.

మరునాడు సముద్రము వైపు దిగాలి. ఇక్కడ నుండి ద్రాక్షతోటల మధ్య సన్నని తారు రోడ్లు. మోటారు బండ్లు కొద్దిగా ఉంటాయి గాని, ఊరి బయట సైకిలును దాటేవారు మీటరున్నర ఎడము ఇవ్వాలని అక్కడి చట్టము. అక్కడ కుడిప్రక్కన నడపాలి, మన అలవాటు మరచిపోవాలి. 12 ఏళ్ళలోపు పిల్లలకు హెల్మెట్టు తప్పనిసరి. జూలై, ఆగస్టు నెలలలో ఎండ మన కోస్తా ఎండను గుర్తుచేస్తుంది. ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలలు మంచివి. నేల క్రమముగా చదునై, చిత్తడి నేలలు, రెల్లు గడ్డి, తెల్ల గుర్రాలు, నల్ల ఎద్దులు కనబడతాయి. ఇది కమార్గ్ ప్రాంతము. ఇక్కడ వరి కూడా పండిస్తారు! నీరు నిలిచిన మడులలో రాజహంసలు గుంపులుగా మేస్తుంటాయి.

అంత దూరాన, చదునైన నేల మీద, గోడలు, ఒక గుండ్రని బురుజు కనిపిస్తాయి. అదే ఎగ్ మోర్త్. పేరుకు అర్థము 'చచ్చిన నీళ్ళు'. తొమ్మిదవ లూయీ రాజు 13వ శతాబ్దములో కట్టించిన ఆ బురుజు పేరు కాన్‌స్టన్స్. గోడల మందము 6 మీటర్లు. 1685 తరువాత దానిని ప్రొటెస్టెంటులకు చెరసాల చేశారు. 1705లో అబ్రహాము మజేల్, మరి 16 మంది గోడ సందులోని రాయి తొలగించి, దుప్పట్లు త్రాడుగా కట్టి దిగి పారిపోయారు. అటు తరువాత అది ముఖ్యముగా స్త్రీల చెరసాల అయినది.

1730లో మేరీ డ్యురాన్ అనే 19 ఏళ్ళ యువతిని అక్కడికి తెచ్చారు. ఆమె చేసిన నేరము ఒక్కటే, ఆమె అన్న పియేర్ అరణ్య సంఘపు పాస్టరు. తండ్రిని అప్పటికే చెరలో వేశారు. అన్నను 1732లో మోంపెల్యే పట్టణములో ఉరితీశారు. ఆమె బయటకు రావడానికి తాళపుచెవి ఆమె నోటిలోనే ఉన్నది. 'నా విశ్వాసమును విడుచుచున్నాను' అని ఒక్క మాట చెబితే చాలు. కొందరు చెప్పారు, బయటకు వెళ్ళారు. జ్వరాలలో, చలిలో, పసిబిడ్డలతో సహా బంధింపబడిన ఆ తల్లులను మేము తప్పు పట్టము. మేరీ చెప్పలేదు. చదువు రాని తోటి ఖైదీల తరఫున ఉత్తరాలు వ్రాసింది, రోగులకు ఉపచారము చేసింది, మేనకోడలిని మరువలేదు. నీమ్‌లో రహస్యముగా పరిచర్య చేయుచున్న పాల్ రబో పాస్టరుగారికి ఆమె వ్రాసిన ఉత్తరాలు నేటికీ ఉన్నవి. వాటిలో దుప్పట్లు, బట్టలు, చలి, అప్పులు, నిరాశ అన్నీ ఉన్నవి. రాతిబొమ్మ కాదు, మనవంటి స్త్రీయే.

పైగది నేల మధ్యన గుండ్రని రంధ్రమొకటి ఉన్నది. దాని అంచు రాతి మీద ఎవరో ఒక మాట చెక్కారు. 'ఎదిరించి నిలువుము' అని దాని భావము. మేరీయే చెక్కినదని తరతరాలుగా చెప్పుకొంటారు. అక్షరములు వంకరగా, లోతుగా ఉన్నవి.

1768 ఏప్రిల్‌లో ఆ ప్రాంతపు అధిపతి ఆమెను విడుదల చేయించాడు. అప్పటికి 38 ఏళ్ళు గడిచినవి. పాడుబడిన తన పుట్టింటికి, తనతో చెరలో ఉన్న ఒక సోదరిని వెంటబెట్టుకొని వెళ్ళింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సంఘము కొంత సొమ్ము పంపుచు ఆదుకొన్నది. 1776లో ఆమె మరణించింది. ప్రొటెస్టెంటుల వివాహాలు, పిల్లల పుట్టుకలు చట్టప్రకారము నమోదు కావచ్చునన్న శాసనము ఆ తరువాత 11 ఏళ్ళకు, 1787లో గాని రాలేదు.

బురుజు దిగిన తరువాత కాలువ గట్టునే పట్టుకొని 6 కిలోమీటర్లు తొక్కితే గ్రో దు ర్వా అనే చేపలరేవు, సముద్రము. దారి ప్రక్కన ఉప్పు మడులు గులాబి రంగులో మెరుస్తుంటాయి. మొత్తము ప్రయాణము సుమారు 70 కిలోమీటర్లు. ఉత్తరపు గాలి గట్టిగా వీచే రోజున సముద్రము వైపు వచ్చేవారికి వీపున తోడు, తిరిగి వెళ్ళేవారికి ఎదురు. అలాంటి రోజున సైకిలును రైలులో ఎక్కించుకొని నీమ్ చేరడము మేలు. రేవు దగ్గరే స్టేషను ఉన్నది.