సమదూరపు సాక్షులు



గ్రామమున తగవు తీర్చువారు ఒకే వీథివారి సాక్ష్యము విని తీర్పు చెప్పరు. సాక్షులు వేర్వేరు తావులవారై, ఏ యిరువురును మిక్కిలి చేరువ కాకుండుట మేలు. అణుప్రపంచమున సత్యము నెరుగుటకును ఇట్టి నియమ మొకటి గలదు. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

ఎలెక్ట్రాను అను సూక్ష్మకణమునకు భ్రమణమువంటి గుణ మొకటి గలదు. దానికి బాణమువలె ఒక దిశ గలదని యెంచుకొనుడు. ఆ దిశను నేరుగా చూడజాలము. పరీక్షించినచో ఒక్క యుత్తరమే వచ్చును. ఆ పరీక్షతోనే పూర్వస్థితి మారిపోవును. కావున ఒకే రీతిని సిద్ధపరచిన కణములను పెక్కింటిని పరీక్షించి, ఏ యుత్తర మెన్నిసార్లు వచ్చెనో లెక్కింపవలెను.

పరీక్షకు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అను నాలుగు దిక్కులు చాలునందురా? అవి యొకే తలమున నున్నవి. బాణము మీదికున్నదో క్రిందికున్నదో చెప్పలేవు. మూడు నిమ్మపండ్లను ఒకదానినొకటి తాకునట్లుంచి, నడుమ పైని నాలుగవదానిని నిలుపుడు. ప్రతి పండును తక్కిన మూడింటిని తాకును. వాని నడిబిందువులను కలిపినచో ఆరంచుల ఘనరూప మేర్పడును. దాని కేంద్రమునుండి నాలుగు మూలలకు పోవు దిశలే మన పరీక్షయందలి నాలుగుత్తరము లైనచో, దేనియందును పక్షపాత ముండదు. బాణము సరిగా ఒక మూలను చూచుచుండెనేని, 600 పరీక్షలలో ఆ యుత్తరము సుమారు 300 సార్లును, తక్కిన మూడును ఒక్కొక్కటి సుమారు 100 సార్లును వచ్చును. బాణము తిరిగినకొలది ఈ లెక్కలు మారును; వానినిబట్టి దిశ పూర్తిగా తెలియును. మూడుత్తరములు మాత్రము చాలవు.

సామాన్యపరీక్షలో ఎలెక్ట్రాను ఈయగల యుత్తరములు రెండే. రెండునకు వర్గము 4. అందుచే నలుగురు సాక్షులు. మూడుత్తరము లీయగల వస్తువునకు 9, నాలుగింటికి 16 కావలెను. ఆ రూపములు కంటికి కనబడునవి కావు, గణితమునకే గోచరములు. ఇట్టి సమరూపపరీక్ష ప్రతి సంఖ్యకును గలదని 1999లో వియన్నా విశ్వవిద్యాలయమున సమర్పించిన సిద్ధాంతవ్యాసమున గెర్హార్డ్ ట్సౌనర్ ఊహించెను. 2017 నాటికి 2 మొదలు 151 వరకు ప్రతి సంఖ్యకును గణనయంత్రములు దశాంశములలో సమాధానములు చూపినవి. అన్ని సంఖ్యలకును చెల్లు ఉపపత్తి మాత్ర మింకను దొరకలేదు.

ఇన్ని సంఖ్యలకు కుదిరిన పిమ్మట సందేహ మేల యందురా? 499 నాటి ఆర్యభటీయమున ఆ యారంచుల ఘనమునకే ‘షడశ్రి’ యని పేరు. త్రిభుజమున భూమిని ఎత్తుతో గుణించి సగము చేసిన వైశాల్యము వచ్చును. ఆ పోలికనే ఘనమునకును పట్టించి, అడుగు వైశాల్యమును ఎత్తుతో గుణించి సగము చేయుమని అందు చెప్పబడినది. సరియైనది మూడవవంతు. అంతటి మహామతియు పొరపడెను గదా! పోలిక దారి చూపవచ్చును గాని తీర్పు కాజాలదు. కనుకనే గణితజ్ఞులు ఇందరు సాక్షులను విన్న పిమ్మటను ఉపపత్తికై వేచియున్నారు.