సిజేరియన్ తర్వాత తలనొప్పి.. తలగడ తీసేస్తే ఆగదు, అసలు విషయం సూదిలోనే

సిజేరియన్ కోసం నడుముకి మత్తు సూది వేయించుకున్న కొందరు బాలింతలకు ఒకటి రెండు రోజుల్లో తీవ్రమైన తలనొప్పి మొదలవుతుంది. లేచి కూర్చుంటే నుదురు, మెడ వెనక విపరీతమైన నొప్పి. పడుకుంటే తగ్గిపోతుంది. కూర్చుని బిడ్డకు పాలివ్వడం కూడా కష్టమే.

ఎందుకు వస్తుంది?
మెదడు, వెన్నుపాము చుట్టూ ఒక ద్రవం ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పొరను దాటుకునే స్పైనల్ సూది లోపలికి వెళ్తుంది. సూది తీశాక ఆ రంధ్రం త్వరగా పూడకపోతే ద్రవం కారిపోతుంది. అందుకే లేచినప్పుడు తల నొస్తుంది. 1898లో ఈ మత్తును ఆపరేషన్‌కు వాడిన జర్మనీ డాక్టర్ ఆగస్ట్ బియర్, తన మీద ప్రయోగం చేయించుకుని ఇదే తలనొప్పితో కొన్ని రోజులు బాధపడ్డాడు.

ఎలా నివారించాలి?
సూది ఎంత సన్నగా ఉంటే రంధ్రం అంత చిన్నది. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. సాధారణంగా 25 నుంచి 27 గేజ్ వాడతారు. మొన కూడా ముఖ్యమే. క్విన్కే రకం సూది పొరను కోస్తుంది. పెన్సిల్ మొన లాంటి విటాకర్, స్ప్రాట్ సూదులు పోగులను పక్కకు జరుపుతూ వెళ్తాయి కాబట్టి తలనొప్పి ముప్పు బాగా తగ్గుతుంది. ధర కాస్త ఎక్కువైనా, ఈ సూది ఉందా అని ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టర్‌ను అడగవచ్చు.

అపోహలు వద్దు
తలగడ లేకుండా రోజంతా వెల్లకిలా పడుకోబెడితే తలనొప్పి రాదన్నది నిజం కాదు. పైగా బాలింత కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అతిగా నీళ్లు తాగించినా నివారణ కాదు. అలాగని దాహానికి నీళ్లు ఇవ్వకుండా ఉండటమూ తప్పే.

వస్తే ఏం చేయాలి?
డాక్టర్ సలహాతో పారాసిటమాల్ వేసుకోవచ్చు. మితంగా టీ, కాఫీ కొంత ఉపశమనం ఇస్తాయి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే బాలింత చేతి నుంచే కొంచెం రక్తం తీసి, నడుము దగ్గర ఆ పొర బయట ఎక్కిస్తారు. దీన్ని బ్లడ్ ప్యాచ్ అంటారు. ఎక్కువ మందికి దీంతో త్వరగా ఊరట దొరుకుతుంది.

పడుకున్నా తగ్గని నొప్పి, బీపీ పెరగడం, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరం, మెడ బిగుసుకుపోవడం, చేయి కాలు లాగేయడం, మగతగా ఉండటం.. వీటిలో ఏది కనిపించినా అది వేరే జబ్బు కావచ్చు. కాన్పు తర్వాత కూడా బీపీ జబ్బు, మెదడు సిరల్లో గడ్డలు రావొచ్చు. 'సూది నొప్పేలే' అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.